మామ పట్టాలు కట్టిన చలికాలం

నిన్న టీవీలో ఒక డాక్టరు, చల్లటి పొడిగాలిలో ఫ్లూ వైరస్ ఎక్కువసేపు బతుకుతుందనీ, చలికి జనం తలుపులు మూసుకుని ఒకచోట చేరితే ఒకరి నుంచి ఒకరికి తొందరగా పాకుతుందనీ చెప్తున్నాడు. నాకు నవ్వొచ్చింది. ఇందులో మొదటి ముక్క మా మేనమామది, రెండోది మా అత్తది. తెలంగాణ ఉద్యమం రోజుల్లో జనగామలో వాళ్ళింట్లో ఈ తగువు రోజూ నడిచేది. తీర్పు చెప్పే మనిషి ఇన్నేళ్ళకు దొరికాడు.

డిగ్రీ చదవడానికి నెల్లికుదురు నుంచి వెళ్ళి నేను వాళ్ళింట్లోనే ఉండేదాన్ని. ఆ చలికాలం కాలేజీ మూతపడింది, బంద్‌లతో బస్సులు లేవు, ఊరికి పోలేక అక్కడే చిక్కుకుపోయాను. మామ బడిపంతులు. చలితో ఆయనకు పాత పగ. దసరా వెళ్ళిందో లేదో మెడకు మఫ్లర్ ఎక్కేది, శివరాత్రి దాకా దిగేది కాదు. అత్తకు ఆయాసం. చిన్న జలుబు చేసినా ఛాతీ పట్టేసేది. అంతకు ముందు ఏడు ఊపిరి అందక ప్రాణం మీదికొచ్చి బయటపడింది. అందుకని ఆమెకు గాలి ఆడాలి, తలుపులు తెరిచే ఉండాలి. ఆయన మూసేవాడు, ఆమె తెరిచేది. వాళ్ళ కాపురమంతా ఆ తలుపు దగ్గరే గడిచిందన్నా అబద్ధం కాదు.

చౌరస్తాలో రిలే నిరాహార దీక్షలకు టెంటు వేశారు. పంతుళ్ళ వంతు వచ్చిన రోజు మామ పొద్దున్నే పోయి, గాలి జొరబడకుండా టార్పాలిన్ పట్టాలూ పాత ఫ్లెక్సీలూ తెచ్చి నాలుగు వైపులా కట్టించాడు. పుష్యమాసానికి పూసంత వేడి అంటారు. ఆ టెంటులో మాత్రం ఏకంగా వైశాఖం వచ్చేసింది. నినాదానికీ నినాదానికీ మధ్య ఎవరో ఒకరు దగ్గుతున్నారు. స్వైన్ ఫ్లూ భయం ఊళ్ళో ఉండనే ఉంది. సాయంత్రం దీక్ష విరమింపజేయడానికి నిమ్మరసం తీసుకుని నేనూ అత్తా పోయాం. ఆమె లోపలికి తొంగిచూసి వెనక్కి జరిగింది.

"ఒక్కరి దగ్గు అందరు మింగుతున్నరు. జర ఒక్క దిక్కన్న ఇప్పరాదుండ్రి" అంది.

"రోగాలొచ్చేదే సలికి. నీకేం తెల్వది, ఇంటికి పో" అన్నాడు మామ, తాడు ఇంకాస్త బిగిస్తూ.

రెండు మూడు రోజుల్లో పంతుళ్ళు ఒక్కొక్కరే జ్వరంతో మంచం పట్టారు. మామకు బజార్లోనే ఒళ్ళు కాలడం మొదలైంది. ఇంటికొచ్చాడు గానీ గడప తొక్కలేదు. మూడు వైపులా గోడలేని ముందు వసారాలో నులకమంచం వాల్చుకున్నాడు.

"లోపటికి రా. గీ సలికి సస్తవు" అంది అత్త, గుమ్మంలో నిలబడి.

"నాకేం గాదు. నా దగ్గు నీకంటితే నీ పానం ఆగది. గా తలుపెయ్యి."

మూసిన తలుపంటే గిట్టని మనిషి, ఆ తలుపు తన చేత్తోనే మూసింది. మూసి, దానికి ఆనుకుని కూర్చుని ఏడ్చింది. గంజీ మందులూ నేను ముక్కుకు చున్నీ కట్టుకుని గడప అవతల పెట్టి వచ్చేదాన్ని. తెల్లవారి చూస్తే దుప్పటి మంచుకు చెమ్మగిల్లి ఉండేది. ఆయన మీద నాకు అంత ప్రేమ అంతకు ముందెన్నడూ కలగలేదు.

జ్వరం తగ్గింది, దగ్గూ పోయింది, అప్పుడు గానీ ఆయన లోపలికి రాలేదు. అత్తకు ఒక్క దగ్గు కూడా రాలేదు. ఆ మర్నాటి నుంచే తలుపు తగువు మళ్ళీ మొదలైంది, రాష్ట్రం వచ్చాక కూడా ఆగలేదు. ఇప్పుడు ఇద్దరూ లేరు. వాళ్ళు కొట్లాడుకున్న ఏళ్ళన్నీ నా తలలో ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి, ఆయన చలిలో పడుకున్న ఆ కొద్ది రోజులే విడిగా నిలిచాయి. కాలం దేన్ని ఉంచి దేన్ని పారేస్తుందో ముందే తెలిస్తే, ఆ తలుపు సందులోంచి ఆయన్ని ఇంకాసేపు చూసి ఉండేదాన్ని.