కోడి కింద తీతువు గుడ్లు

ఈ పొద్దున దీపం పెట్టి, ఎండిన మా కుంటలో నడుస్తుంటే ఒక తీతువు నా నెత్తి మీద తిరుగుతూ అరిచింది. నాకు నవ్వొచ్చింది.

మా గోపాల్‌పేట దిక్కు పెరిగినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. వానలకు కుంట నిండితే కొంగలు, బుడుబుంగలు, నీటికోళ్లు, లకుముకి పిట్టలు వచ్చేవి. నీళ్లు ఇంకితే అన్నీ వెళ్లిపోయేవి. తీతువు మాత్రం మిగిలి, వట్టి నేల మీదే గుడ్లు పెట్టేది. ఆ నేలనే నాయన దోసకాయలకు దున్నేవాడు.

ఒక ఏడు దున్నడానికి ముందురోజు, రాళ్ల మధ్యలో మచ్చలున్న నాలుగు గుడ్లు చూశాను. నాగలి కింద పగులుతాయని ఒడిలో తెచ్చి, పొదుగుతున్న మా కోడి కింద పెట్టాను.

సాయంత్రం నాయన వచ్చి అమ్మతో అన్నాడు. "గుడ్లకాడ దున్నొద్దని గుర్తుకు రాళ్లు పెట్టిన. రాళ్లున్నయి, గుడ్లు లేవు. ఆ పిట్ట ఒకటే మొత్తుకుంటుంది."

నేను వెళ్లి కోడిని లేపాను.

"వాటికి తల్లి ఉన్నది గద, పెద్దబిడ్డా" అన్నాడు నాయన.

చీకటి పడకముందే గుడ్లు అక్కడే పెట్టి, కట్ట చాటున కూర్చున్నాం. పిట్ట మళ్లీ వస్తుందో రాదో. నేను కళ్లు మూసుకుని మొక్కుకున్నాను. తెరిచేసరికి తీతువు గుడ్ల మీద ఉంది.

"దేవునికి మొక్కినవు, మంచిదే. కోడికి గూడ మొక్కు. ఉత్తపుణ్యానికి కాపలా కాసింది" అన్నాడు నాయన.

ఇప్పుడు ఆ నేల తమ్ముడు దున్నుతాడు. ఈ పొద్దున అక్కడ కనిపించిన గుడ్ల చుట్టూ రాళ్లు పెట్టి వాడికి ఫోన్ చేశాను.

"సరే అక్కా, ట్రాక్టర్ పక్కకెల్లి తోలుత. నువ్వైతే వాటిని కోడి కింద పెట్టకు" అన్నాడు.