మామకు ఊపిన నీలం జెండా

నాచారంలో కాలిన రబ్బరు వాసన వస్తే చాలామందికి ఫ్యాక్టరీలు గుర్తొస్తాయి. నాకు మా మామ గుర్తొస్తాడు.

నా చిన్నప్పుడు ఒక ఆదివారం ఉప్పల్ అవతల ఖాళీ జాగాలో సరదా కార్ల రేసు పెట్టారు. అమ్మ తమ్ముడు, మా మామ, తన పాత కారుతో దిగాడు. నాన్న జీతంలేని కొలువొకటి ఒప్పుకుని, మలుపు దగ్గర జెండాలతో నిలబడ్డాడు. మామ వచ్చిన ప్రతిసారీ నీలం జెండా ఊపాడు. మిగతావాళ్లకు ఊపలేదు. సొంత మనిషంటే అంత ప్రేమ కాబోలని నేను పొంగిపోయాను.

భోజనాల దగ్గర మామ దోస్తుల ముందే చెప్పాను: "మామా, అందరికంటే నీకే ఎక్కువ జెండాలు ఊపిండు నాన్న."

దోస్తులకు నవ్వుతో పొలమారింది. వెనక వేగంగా వచ్చేవాడికి దారి ఇమ్మని చెప్పే జెండా అట అది.

"ఒక్కసారన్న సూడనట్టు ఉండరాదు, బావా?" అన్నాడు మామ.

"వెనకోడు గుద్దితే మీ అక్కకు నేనేం జెప్పాలె?"

మామ సగం ప్లేటు వదిలి లేచాడు.

నాన్న మలుపులో ఆ రోజు ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆ ఏడు రాఖీకి మాత్రం మామ రాలేదు. అమ్మే రాఖీ పట్టుకుని, మామ ఉండే మల్కాజిగిరికి బస్సెక్కింది. ఇప్పటికీ ఏటా ఒక్కతే వెళ్తుంది. నాన్న బస్టాపు దాకా దింపి, బస్సు కదిలేదాకా నిలబడి, తిరిగొస్తాడు.