వాడలో అమెరికా నవల చదివిన సార్

ఏసురత్నం సార్ మరణవార్త నాకు కోదాడలో, పాఠం చెబుతుండగా అందింది. సూర్యాపేట నుంచి ఆయన కూతురు ఫోన్ చేసి, "నాన్న పోయిండక్కా, నిద్రలనే" అన్నది. సాహిత్యమనే మహాలోకపు వాకిలి నాకు తెరిచిన మనిషి ఇక లేరన్న సత్యాన్ని మనసు అంగీకరించలేదు. అయినా పాఠం పూర్తిచేసే బయటికి వచ్చాను. సగంలో వదిలి వెళ్తే ఆయనే కోప్పడేవారు.

సూర్యాపేటలో డిగ్రీ చదివే రోజుల్లో మాకు అమెరికన్ సాహిత్యం ఆయనే చెప్పారు. నల్లజాతి పిల్లలకు వేరే బడి, బస్సులో వెనక సీట్లు, స్టేషన్లో వేరే గది. ఆ దేశపు రచయితలు ఈ విభజనను ఎట్లా చిత్రించారో ఆయన నిబ్బరంగా చదువుతుంటే మేము "అయ్యో పాపం" అనేవాళ్లం. ఆయనకు ఒళ్లు మండేది. "మీ జాలి సముద్రాలు దాటి పోయొస్తది గని, మన బస్టాండ్ ఎనక వాడ దాంక రాదేందిరా?" అనేవారు. కోపం చల్లారాక అందరికీ చాయ్ తెప్పించి బుజ్జగించేవారు.

"దుర్మార్గుణ్ని సూపెట్టుడు అల్కన. మంచోళ్లు గూడ మనుషుల్ని ఇడగొట్టే ఆ గీతకు ఎట్ల అలవాటు పడ్డరో సూపెట్టాలె, అది నవల" అన్న ఆయన మాట ఇప్పుడు నా విద్యార్థులకు నేను చెబుతున్నాను. నా నోట ఆ మాటకు అంత బలం లేదు.

చివ్వెంల దగ్గరి ఒక పల్లెలో, దళితవాడలో పుట్టారాయన. రిటైరయ్యాక, అమెరికా దక్షిణాది పట్టణం కథగా సాగే ఒక నవలను తెలుగు చేయడం మొదలుపెట్టారు. ప్రతి ఆదివారం ప్రార్థన అయ్యాక, తమ వాడ చర్చి వరండాలో కొత్త అధ్యాయం చదివి వినిపించేవారు. మిర్యాలగూడలో ప్రెస్సు నడిపే మిత్రుడు అచ్చుకిమ్మని ఎంత పోరినా, "విన్నోళ్లు ఒప్పుకోనిది అచ్చెందుకు?" అని తోసిపుచ్చేవారు.

మొదటి వారం "వర్ణవివక్షాపీడిత ప్రజానీకం" అని ఆయన గంభీరంగా అందుకోగానే ముసలమ్మలు హాయిగా కునుకు తీశారు. "నిద్ర మీ తప్పు గాదు, నా తెలుగు తప్పు" అని నవ్వి, అంతా తిరగరాశారు. ఈ వ్యాసం చూసినా సగం మాటలు కొట్టేసేవారే.

రెండు కుళాయిల ఘట్టం చదివిన ఆదివారం నేనూ అక్కడే ఉన్నాను. పక్కపక్కనే రెండు కుళాయిలు, వాడ మాటలో నల్లాలు, ఒకటి తెల్లవారికి, ఇంకొకటి నల్లవారికి. చదివి, వినేవాళ్ల ముఖాల్లో కోపం కోసం సార్ తల ఎత్తి చూశారు. ఆయన పెద్దమ్మ మరియమ్మ తాపీగా అన్నది:

"మంచిగనే ఉన్నది గద రత్నం. వాళ్ల నల్లా వాళ్లకున్నది. మేం దోసిలి పట్టుకోని నిలబడితే దొరసాని పైనుంచి పోసేది. మనసైతే పోసేది, లేకుంటే లేదు. మనకో నల్లా ఉంటే ఎవర్నీ బతిమాలే పని లేకపోవు."

మిగతా ఆడవాళ్లూ తలలూపారు. సార్ కాగితాలు మడిచి పెట్టారు. తిరిగి వచ్చేటప్పుడు నాతో అన్నారు. "ఇన్నేండ్లు ఆ పాఠం చెప్పిన, ఇట్ల ఒక్కలు అనలే. నేను జవాబు చెప్తే అది ఉపన్యాసమైతది. నవలనే చెప్పాలె. పెద్దమ్మకు ఎక్కితేనే నేను చేసింది అనువాదం."

ఆనాటి నుంచి ఆయన ఆరాటమంతా అదే. ప్రతి అధ్యాయం చివర "ఇంకా మంచిగనే ఉన్నదా పెద్దమ్మా?" అని అడిగేవారు. "ఉన్నది, సదువు" అనేది ఆమె. ఆఖరి అధ్యాయం తెలుగు చేశారు గానీ, చదివే ఆదివారం రాకముందే వెళ్లిపోయారు.

సమాధి కార్యక్రమం అయిన తర్వాతి ఆదివారం, వాడవాళ్లు అడిగితే ఆ అధ్యాయం నేను చదివాను. నడి వేసవి. తెల్లవారి కుళాయి పాడైపోయింది. పక్కనున్న నల్లవారి కుళాయిలో నీళ్లు ధారగా పడుతున్నాయి. ఒక తెల్లామె, దాహంతో ఏడుస్తున్న చంటిబిడ్డను ఎత్తుకుని, ఆ నీళ్ల వంక చూసి, ఒక్క గుక్కయినా పట్టకుండా వెళ్లిపోతుంది.

మరియమ్మ నా చెయ్యి పట్టుకున్నది.

"పసిపోరికి గూడ పట్టలేదా? మనకిచ్చిన నల్లా అనుకున్న. మనం తాగే నీళ్లు గూడ ముట్టొద్దని పెట్టిన నల్లానా అది?" కొంగుతో కళ్లు అద్దుకున్నది. "మంచిగ లేదు బిడ్డా. రత్నం అడిగినప్పుడల్లా ఉన్నదనే అంటి. ఇగ ఎవరికి జెప్పాలె?"

ఎవరికి చెప్పాలో నాకూ తెలియలేదు. చెబితే చంటిపిల్లాడిలా సంబరపడే ఆ ఒక్క మనిషి స్థానం ఇక ఎవరితోనూ నిండదు. అయినా ఈ పత్రికలో, ఆయన పేరు కింద, చేతులు జోడించి రాస్తున్నాను. సార్, మీ పెద్దమ్మకు ఎక్కింది.