వదులు ముడి

విత్తనంలోంచి ముందు వేరును, ఆ తరువాతే ఆకును రప్పించే దేవునికి స్తోత్రం. ఈ వయసు దాకా నన్ను నిలబెట్టినవాడు ఆయనే.

నా చిన్నప్పుడు మా అమ్మ జబ్బుపడి హైదరాబాద్ ఆస్పత్రిలో చేరింది. నాన్న ఆమె దగ్గరే ఉండిపోయాడు. సిరిసిల్లలో ఇంట్లో మిగిలింది మా తాతయ్య, నేను. జబ్బు ముదరకముందు అమ్మ తన పుట్టిల్లు కోరుట్ల నుంచి ఒక మామిడి అంటు తెచ్చి పెరట్లో నాటింది. ఆస్పత్రికి వెళ్తూ, "నేనొచ్చేదాక చూసుకో బిడ్డా" అని నాకు అప్పజెప్పింది. ఆ మాటను నేను మనసులో ఇంకోలా మార్చుకున్నాను. మొక్క నిలబడితే అమ్మ వస్తుంది, పడిపోతే రాదు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

మా తాతయ్య జన్మంతా మగ్గం మీద బతికిన మనిషి. పోగు బిగువుగా ఉండాలన్నది ఆయన చేతులకు అలవాటైన పాఠం. ఆ చేతులతోనే మొక్క చుట్టూ నాలుగు కర్రలు పాతి, నూలుతాళ్లు లాగి బిగించి కట్టాడు. ఎంత గాలి వీచినా మొక్క కదిలేది కాదు. నేను రోజూ మొక్క మొదలు దగ్గరే చెంబెడు నీళ్లు పోసేదాన్ని. అది పొడవు సాగింది కానీ లావెక్కలేదు. పైన రెండు కొమ్మలు సమానంగా లేచాయి. అమ్మా నాన్నా పక్కపక్కన నిలబడ్డట్టుందని మురిసిపోయేదాన్ని.

ఎండాకాలంలో మా పెద్దమ్మ, అంటే అమ్మకు అక్క, మమ్మల్ని చూడటానికి వచ్చింది. ఆమె జగిత్యాల దగ్గర మామిడి నర్సరీలో పనిచేసేది. పెరట్లోకి రాగానే నవ్వింది.

"ఏంది మామా, చెట్టును మగ్గానికెక్కించినవా? ఎన్ని గజాలు నేసిందేంది?"

"నవ్వకు. గాలికి పడతదని గట్ల బిగిచ్చిన," అన్నాడు తాతయ్య.

"నువ్వే పట్టుకుంటే ఇగ వేరెందుకు పట్టుకుంటది? జర ఊగనియ్యి."

తాళ్లన్నీ విప్పి, ఒకే ఒక్క తాడుతో వదులుగా ముడి వేసింది. ఆ తరువాత కత్తి తీసి జంట కొమ్మల్లో ఒకదాని మీద పెట్టింది. నేను పరుగున వెళ్లి ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"వద్దు పెద్దమ్మా! చెట్టుకేమన్నయితే అమ్మ రాదు!"

తాతయ్య మొహం పక్కకు తిప్పుకున్నాడు. పెద్దమ్మ కత్తి కింద పెట్టి నన్ను ఒళ్లోకి లాక్కుంది.

"మీ అమ్మను కాపాడేది దేవుడు. పిల్ల చెట్టు, ఇంకా వేరు కూడా పట్టలె. దాని మీద గంత బరువు పెడ్తవా బిడ్డా?"

నేను ఏడుపు ఆపేదాకా ఆగింది. రెండు కొమ్మలూ పోటీపడి పెరిగితే, కాపుకొచ్చిన నాడు బరువుకు చెట్టు నడుమకు చీలిపోతుందని నిదానంగా చెప్పింది. నేను తల ఊపాకే కోసింది. నీళ్లు మొదలు దగ్గర కాకుండా కొంచెం దూరంగా, నిండా పోసి, మట్టి ఆరేదాకా ఆగమంది. అలాగైతే వేరు తడిని వెతుక్కుంటూ లోపలికి పోతుందట.

"మరి రోజూ ప్రార్థన చేస్తున్నవా? ఏమని?"

"గాలి రావద్దని."

"గాలి రాకుంటే వానేడికెళ్లి వస్తది పిల్లా? వేరు పట్టాలని అడుగు."

ఆమె వెళ్లిపోయిన కొన్నాళ్లకు గాలిదుమారం లేచింది. మొక్క నేలను తాకేలా వంగింది. మళ్లీ కట్టేద్దామని తాతయ్య నూలు కండె పట్టుకుని పెరట్లోకి ఉరికాడు. ఆయన పంచె అంచు పట్టుకుని ఆపింది నేనే. "ఉండు తాతా, సూద్దాం" అన్నాను. పంచె అంచు మాత్రం వదల్లేదు. ఇద్దరం గోడవారన నిలబడి చూశాం. మొక్క వంగింది, లేచింది, మళ్లీ వంగింది. వాన వెలిసేసరికి ఆకులు రాలి, నిటారుగా నిలబడి ఉంది.

అమ్మ చలికాలంలో తిరిగొచ్చింది, గుర్తుపట్టలేనంత చిక్కిపోయి. అప్పటికి నేను చెట్టును చూసి అమ్మ రాకను అంచనా కట్టడం మానేశాను.

నాకు పిల్లలు పుట్టాక, వాళ్లకు జ్వరమొచ్చినా, పరీక్ష తప్పినా, ఊరు విడిచి వెళ్లినా నా నోట ముందుగా వచ్చేది పాత ప్రార్థనే. గాలి ఆపు తండ్రీ అనబోతాను. ఆగి, మాట మార్చుకుంటాను. ఈ రోజు మా చిన్న మనవరాలు మొదటిసారి హాస్టల్‌కు వెళ్లింది. మీ ఇంట్లోనూ ఇలాంటి పసిమొక్క ఉండే ఉంటుంది. దాని పేరు కూడా కలిపి, నాతో పాటు అడగండి: తండ్రీ, వేరు పట్టనివ్వు. ఆమెన్.