టికెట్టు మీద 142857

ఈ రోజు సాయంత్రం ఇక్కడ తమిళనాడులో సత్రపట్టి నుంచి రాజపాళయం వచ్చే బస్సులో కండక్టరు చింపి ఇచ్చిన టికెట్టు నంబరు 142857. మా అక్కకు ఇష్టమైన నంబరు. రెండుతో గుణిస్తే 285714. ఆరు దాకా దేంతో గుణించినా అవే అంకెలు, అదే వరసలో తిరుగుతాయి. మొదలు మాత్రం మారుతుంది. ఏడుతో గుణిస్తే అన్నీ తొమ్మిదులే. పనిలో బ్యాండేజీ గుడ్డ మడతపెడుతూ అక్క ఇదంతా నోటితోనే చేసేది. ఆమె పోయి ఏడాది దాటింది.

పక్క సీట్లో ఉన్న మా వీధి రామలక్ష్మికి టికెట్టు చూపించి, ఏడుతో గుణించమన్నాను.

"ఏమన్నా, టికెట్టుకీ కణక్కా, లెక్కా?" అని నవ్వింది. "ఏళేళు నాప్పత్తొంబదు" అంటూ తమిళంలో మొదలుపెట్టి, అరచేతిలో వేలితో రాసుకుంటూ పోయింది. "అయ్యో, అన్నీ తొమ్మిదులే వచ్చినాయే!"

"అదే తెలుగులో చెప్పమ్మా."

"ఇంట్లో తెలుగేగానీ, ఎక్కాలు తమిళ బడిలో నేర్చినాను కదన్నా. తెలుగులో నాకు పది దాకానే వస్తాది."

మా ఊళ్లో అందరమూ అంతే. అక్క మాత్రం అవ్వ దగ్గర నేర్చిన తెలుగు ఎక్కాలే కడదాకా చెప్పింది. బస్సు దిగి నడుస్తూ ఆ నంబరునే చివరి అంకె నుంచి ఏడుతో గుణిస్తూ అక్కలాగే చెప్పబోయాను. ఏడేడులు నలభై తొమ్మిది, ఏడైదులు ముప్పై ఐదు వచ్చాయి. ఏడెనిమిదుల దగ్గర నోరు తమిళానికి జారిపోయింది.

మీ ఇళ్లలో తెలుగు ఎక్కాలు వచ్చినవాళ్లు ఉంటే, ఏడో ఎక్కం ఒకసారి చెప్పించి రికార్డు చేసి పంపండి. ఆడగొంతు అయితే మరీ మంచిది.