క్లచ్ నొక్కే కాలు

లండన్‌లో ఒలింపిక్స్ జరిగిన ఏడాది మేం అక్కడికి దగ్గర్లోని మిల్టన్ కీన్స్ ఊళ్ళో కాపురం పెట్టాం. మా ఆయన వారమంతా సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, ఆదివారం అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు. గుంటూరు కాలేజీలో కబడ్డీ ఆడిన మనిషి కదా, పట్టు విడిపించుకుని పరిగెత్తడం బాగా వచ్చు. ఊళ్ళోని చిన్న జట్టుకు అది తెగ నచ్చి, ఆయన్ని రన్నింగ్ బ్యాక్‌ని చేసేసింది. అంటే కోడిగుడ్డు ఆకారం బంతిని పొట్టకు హత్తుకుని, ఎద్దుల్లాంటి మనుషుల మధ్యలోకి దూసుకుపోవడం. వాళ్ళు మీదపడి నేలకేస్తారు. లేచి మళ్ళీ అదే పని.

"కుదరదు" అనే మాట ఆయన నోట రాదు. ఆఫీసులో అందరూ వద్దన్న వారాంతపు డ్యూటీ ఈయన నెత్తినే పడేది. మైదానంలోనూ అంతే. కోచ్‌కి ఏమీ తోచనప్పుడల్లా బంతి ఈయనకే. మొదట్లో నేనూ మడతకుర్చీలో కూర్చుని, ఫ్లాస్కులో టీ తాగుతూ మురిసిపోయాను. కొన్నేళ్ళకు సోమవారాలంటే భయం పట్టుకుంది. ఆ రోజు మెట్లు పక్కకు తిరిగి, రెయిలింగ్ పట్టుకుని దిగేవారు.

ఆయనకి ముప్పై రెండు నిండాయి. ఆఫీసులో ఆ వయసుకి ఇంకా కుర్రాడే, ఆ ఆటలో మాత్రం ముసలాడు. మా పేట డాక్టరు ఎడమ మోకాలు నొక్కి చూసి, ఆపకపోతే నడక కూడా కష్టమవుతుందన్నాడు.

"విన్నారుగా? ఇంక మానెయ్యండి," అన్నాను క్లినిక్ బయటికి రాగానే.

"ఈ ఒక్క సీజన్ కానియ్యవే."

పోయినేడూ ఇదే మాట. ఒళ్ళు మండిపోయింది.

మా ఊళ్ళో అడుగడుగునా రౌండబౌటే, అంటే కార్లు చుట్టు తిరిగి వెళ్ళే గుండ్రటి కూడలి. ప్రతిదాని దగ్గరా ఎడమకాలితో క్లచ్ నొక్కాలి. నొక్కినప్పుడల్లా ఆయన పళ్ళు బిగించేవారు. నాకు లైసెన్స్ వచ్చినా, ఆట నుంచి తిరిగొచ్చేటప్పుడు తాళం మాత్రం ఇచ్చేవారు కాదు. ఇస్తే మోకాలు పోయిందని ఒప్పుకున్నట్టేనని ఆయన భయం.

ఆ సీజన్‌లో ఇంకో రన్నింగ్ బ్యాక్ వచ్చాడు, ఆయనకంటే పదేళ్ళు చిన్న. ఆఖరి ఆటలో ప్రతిసారీ బంతి అతనికే. మా ఆయన మైదానం గీత బయట హెల్మెట్ పెట్టుకుని, గడ్డం కింద పట్టీ బిగించుకుని నిలబడ్డారు. కోచ్ ఇటు చూడనే లేదు. ఎన్నాళ్ళుగానో నేను కోరుకున్నది ఇదే. కానీ ఆ పట్టీ చూస్తే మనసొప్పలేదు. ఇన్నేళ్ళూ అరగదీసి వాడుకుని ఇప్పుడు పక్కన నిలబెడతారా అని కోపమూ వచ్చింది. ఆట ముగియబోతుంటే కుర్చీలోంచి లేచి, ఆయన వైపు చెయ్యి చూపిస్తూ అరిచేశాను.

"ఒక్కసారి ఆయనకివ్వండయ్యా!"

తెలుగు రాకపోయినా కోచ్‌కి నా చెయ్యి అర్థమైంది. ఆయన్ని లోపలికి పంపాడు. బంతి అందుకుని వెళ్ళింది నాలుగడుగులే. ఇద్దరు పట్టి పడేశారు. ఇదివరకు పడ్డ మరుక్షణం లేచేవారు. ఈసారి అరచెయ్యి నేలకు ఆన్చి, మోకాలిని బతిమాలుకుంటూ లేచారు. జట్టంతా చప్పట్లు కొట్టింది. నేను కొట్టలేకపోయాను.

కారు దగ్గరికొచ్చి, బ్యాగు డిక్కీలో పడేసి అడిగారు.

"అరిచింది నువ్వేనా?"

"కాక, ఇక్కడ తెలుగులో ఇంకెవరరుస్తారు?"

ఆయన డిక్కీ మూశారు. తాళం నా చేతిలో పెట్టి, ఎడమవైపు సీట్లో కూర్చున్నారు. అద్దం సరిచేసే వంకతో నేను కళ్ళు తుడుచుకున్నాను. మొదటి రౌండబౌట్ దగ్గర నేను క్లచ్ నొక్కాను. పక్కన ఆయన ఎడమకాలు కూడా ఖాళీ నేలను నొక్కింది.