నేనన్న ‘ఆయ్’

ఆరేళ్లుగా ఒక చిన్న మాటను మోస్తున్నాను. బరువు తగ్గలేదు సరికదా, ఈ మధ్య మరీ విసిగిస్తోంది. మీరు నన్ను ఎరగరు కాబట్టి మీతో చెబుతున్నాను. పేరు మాత్రం అడగకండి. అంత ధైర్యమే ఉంటే ఇలా రాయడం ఎందుకు?

మాది అమలాపురం. ఇంట్లోనే కూర్చుని ఒక డేటాబేస్‌కు పని చేస్తాను. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, ఎవరైనా చెయ్యి వేసి బాగుచేయవచ్చు. అందులో పై భాగం అడిగినవాళ్లకు జవాబులు చెబుతుంది. కింది భాగం, అంటే స్టోరేజీ, సమాచారాన్ని డిస్కు మీద దాస్తుంది. ఎవరికి కావలసిన స్టోరేజీని వాళ్లు రాసుకుని, ప్లగ్గు పెట్టినట్టు కింద తగిలించుకోవచ్చు. పై భాగం ఏం అడగాలి, కింది భాగం ఏం చెప్పాలి అనే నియమాలు రాసింది నేను. వాటిని చూసుకుని ఎంత మురిసిపోయానో చెబితే నవ్వుతారు.

ఒక నియమం ఇది: పై భాగం "దాచు" అంటే, కింది భాగం "సరే" అనాలి. అంతే రాశాను. సరే అంటే ఏమిటి? చేతికి అందిందనా? డిస్కు మీదికి చేరింది, ఇక కరెంటు పోయినా పోదనా? రాయలేదు. ఎందుకు రాయలేదు? నాకు తెలుసు కాబట్టి అందరికీ తెలుసనుకున్నాను. అసలు నాకైనా తెలుసా?

రాజోలులో కాలేజీలో పాఠాలు చెప్పే సూర్యకుమారి గారు మాకొక స్టోరేజీ రాసిచ్చారు. వాళ్లకు అంతర్వేది దగ్గర రొయ్యల చెరువులున్నాయి. నీళ్లలో ఆక్సిజన్ ఎంతుందో నిమిషనిమిషానికీ వచ్చే రీడింగులను చకచకా దాచడానికి రాశారు. ఏడాదిపాటు సెలవురోజులన్నీ దానికే పెట్టారు. పూర్తిచేసే ముందు ఒక సాయంత్రం ఫోన్ చేశారు.

"సార్, అందగానే సరే అనేస్తే చాలాండీ? డిస్కు మీదికెళ్లేదాకా ఆగక్కర్లేదు కదండీ?"

"ఆయ్," అన్నాను.

మా వైపు ఆయ్ అంటే ఔనండీ అని. ఎదుటివాళ్లు చెప్పుకుపోతుంటే వింటున్నానండీ అనడానికీ అదే మాట. ఎప్పుడు ఏ అర్థమో ఇక్కడ పుట్టినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. ఆవిడ అలాగే రాసేశారు.

కొన్ని నెలలకు ఆ స్టోరేజీని వాడుతున్న ఒక రొయ్యల హేచరీలో పట్టపగలు కరెంటు పోయింది. తిరిగొచ్చాక చూస్తే పొద్దుటి నుంచి వచ్చిన రీడింగులు లేవు. ప్రతి రీడింగుకూ "సరే" అన్న జవాబు మాత్రం ఉంది. వాళ్లు మా చర్చావేదికలో మండిపడ్డారు. నేను నా కోడ్ తెరిచి చూసుకున్నాను. పై భాగం ప్రతి మార్పునూ ముందు తన లాగ్‌లో, అంటే చిట్టాలో, రాసుకుంటుంది కదా, ఏం పోయినా అందులోంచి తెచ్చుకోవచ్చులే అన్న ధీమాతో ఆరోజు ఆయ్ అన్నాను. బయటినుంచి తగిలించిన స్టోరేజీలకు ఆ లాగ్ వర్తించకుండా పెట్టింది నేనే. ఆ సంగతే మరిచిపోయాను. ఫోన్ పెట్టాక ఒకసారి చూసుకుంటే ఐదు నిమిషాల పని. చూసుకోలేదు.

అక్కడితో ఆగితే అది పొరపాటు. నేను ఆగలేదు. వారంలో కొత్త వెర్షన్ విడుదల ఉంది. ఇంతమంది ముందు నా నియమమే తప్పని ఒప్పుకోవాలా? "నియమంలో లోపం లేదు, స్టోరేజీ రాసినవారు పాటించలేదు" అని రాశాను. తలా ఒక మాట అన్నారు. కాలేజీలో పిల్లలకు ఏం నేర్పుతోందో అని కూడా ఒకడు రాశాడు. నేను చదివి ఊరుకున్నాను. ఆవిడ కోడ్‌ను తీసేసిందీ నేనే.

మా పనిలో ఏ అక్షరం ఎవరు ఎప్పుడు మార్చారో అంతా నమోదవుతుంది. ఫోన్‌లో అన్న మాట ఒక్కటే నమోదు కాదు. నాకు కలిసొచ్చింది అదే.

ఆవిడ వేదికలో నోరు మెదపలేదు. నాకొక్కడికే మెసేజ్ పెట్టారు: "నేను అడిగేను కదండీ. మీరు ఆయ్ అన్నారు కదండీ."

నేనేం జవాబిచ్చానో రాయడానికి ఇప్పటికీ చెయ్యి రావడం లేదు. "వింటున్నానని అన్నానండీ," అని పెట్టాను.

కాసేపటికి తిరుగు జవాబు వచ్చింది: "ఆయ్."

అంతే. ఆ తర్వాత ఆవిడ మాకు ఒక్క లైను కూడా రాయలేదు. నన్ను నాలుగు తిట్టినా బాగుండేది. అందరి ముందు నిలదీసి ఉంటే నేను ఒప్పుకునేవాణ్ణేమో. ఎందుకు ఊరుకోవాలి? ఆవిడ మర్యాద మీద కూడా నాకు కోపమే వచ్చింది. చేసిందంతా నేను, కోపం ఆవిడ మీద! ఎంత సిగ్గుమాలిన మనిషిని!

తర్వాతి వెర్షన్‌లో ఆ నియమాన్ని రెండుగా విడగొట్టాను. "అందింది" వేరు, "చేరింది" వేరు. భలే ఆలోచన అని మెచ్చుకున్నారు. ఆ ఆలోచన ఆవిడ ప్రశ్నలోదే. ఆవిడ పేరు ఎక్కడా పెట్టలేదు. వేదికలో నిజం రాయాలని ఎన్నిసార్లో మొదలుపెట్టి, చెరిపేశాను. అమలాపురం నుంచి రాజోలు ఎంత దూరమని? ఒక్కసారి కూడా వెళ్లలేదు.

ఆవిడ పంపిన ఆయ్‌కి అర్థం ఏమిటో ఆరేళ్లుగా ఆలోచిస్తున్నాను. నా మాట నమ్మారా? నా అబద్ధం విన్నానని చెప్పారా? అడిగే మొహం నాకు లేదు. నేనన్న ఆయ్‌కి అర్థం మాత్రం నాకు తెలుసు. ఆరోజు ఆవిడ అడిగింది పూర్తిగా విన్నాను. అర్థమైంది. ఔననే అన్నాను.